యోబుగారి రెండో పేజీ

శనివారం పొద్దున ఏడింటికి బెంజిమిన్ వేసుకున్న పథకం నోటుపుస్తకంలో సగం పేజీ కూడా పట్టలేదు. ఎనిమిదింటికి కెర్నల్ కంపైల్ మొదలుపెట్టాలి. పదింటికి దాన్ని ఈ-రీడర్ మెమరీ కార్డులోకి ఎక్కించాలి. పదకొండింటికి పెడల్ తగిలించి చూడాలి. మధ్యాహ్నం అన్నం వేళకు పెదనాన్న వస్తువు పెదనాన్నకు అప్పగించాలి. చివర "జాగ్రత్త" అని రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆ ఇంట్లో ఇంజనీరింగ్ దాకా చదివినవాడు అతనొక్కడే. ఏది పాడైనా "చదువుకున్నోడివి గదరా" అనే మాట ముందు తనకే తగులుతుందని అతనికి ఎప్పుడో తెలిసిపోయింది.

ఆ ఈ-రీడర్ యోబుగారిది. యోబుగారు బెంజిమిన్ తండ్రికి అన్న, రాజుపాలెం పక్కనున్న ఆ పల్లెలోనే ముప్పై ఏళ్లుగా క్రైస్తవ సంఘానికి బోధకుడు. బెంజిమిన్ చేత పలక మీద అక్షరాలు దిద్దించింది ఆయనే. పదో తరగతి కాగానే పత్తి చేలోకి పోబోతున్నవాణ్ణి చెయ్యి పట్టుకుని సత్తెనపల్లి కాలేజీ మెట్లు ఎక్కించిందీ ఆయనే. ఆయన కళ్లు మసకబారాక, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చని బెంజిమిన్ తన మొదటి జీతంతో ఆ రీడర్ కొనిచ్చాడు. పలకంత ఉంటుంది. ఫోనులా మెరవదు. అచ్చు వేసిన కాగితంలాగే ఉంటుంది, ఎండలో పెట్టినా అక్షరం చెదరదు.

చిక్కంతా పేజీ తిప్పేటప్పుడే. యోబుగారి ఎడమచేతిలో మైకు ఉంటుంది. కుడిచెయ్యి ఏడాదిగా వణుకుతోంది. వేలు ఒకసారి తాకితే ఒక పేజీ, వణికి నాలుగుసార్లు తాకితే నాలుగు పేజీలు. పోయిన నెలలో ఒక జ్ఞాపకార్థ కూడికలో అలాగే పేజీలు దూకి, ఎప్పుడో పెళ్లికి రాసుకున్న ప్రార్థనలో పడి, చనిపోయిన పెద్దాయనను "పిల్లాపాపలతో నిండునూరేళ్లు వర్ధిల్లు నాయనా" అని దీవించారు. ఆ పెద్దాయన భార్య కూడా అలవాటుకొద్దీ "ఆమెన్" అంది.

మూడో రోజున నరసరావుపేటలోని సంఘాల పెద్దల కమిటీకి ఒక ఆకాశరామన్న ఉత్తరం చేరింది. బోధకుడికి చూపు లేదు, చెయ్యి స్వాధీనంలో లేదు, నోటికొచ్చింది మాట్లాడుతున్నారు, విశ్రాంతి ఇప్పించండి అని దాని సారాంశం. కమిటీ అధ్యక్షుడు దైవసహాయంగారు యోబుగారిని పిలిపించి అడిగారు. "ఇకమీదట రాసుకున్నదానికి ఒక్క మాట ఎక్కువ మాట్లాడనండీ" అని యోబుగారు మాటిచ్చారు. "సరే, మేమే ఒక ఆదివారం వచ్చి వింటాం. తడబడితే విశ్రాంతి కాగితం అక్కడికక్కడే చేతిలో పెట్టి వస్తాం" అన్నారు దైవసహాయంగారు. ఆ ఆదివారం రేపే. యోబుగారికి భార్య పోయి పన్నెండేళ్లు, పిల్లలు లేరు. ప్రసంగం బల్ల ముందు నిలబడే ఆ గంట కోసం మిగతా వారమంతా బతికే మనిషి.

అందుకని కాలితో పేజీ తిప్పే ఏర్పాటు చేయాలని బెంజిమిన్ తలపెట్టాడు. పక్క వీధిలో బట్టలు కుట్టే యాస్మిన్ దగ్గర కరెంటు మిషన్ పాత పెడల్ అడిగి తెచ్చాడు. విరిగిన కంప్యూటర్ కీబోర్డులోంచి ఒక మీటను విడదీసి దానికి కలిపాడు. లాప్‌టాప్‌కు తగిలిస్తే చక్కగా పనిచేసింది. ఈ-రీడర్‌కు తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. ఎందుకో వారం రోజులు చదివి తెలుసుకున్నాడు. రీడర్ లోపల నడిచేది లినక్స్ అనే ప్రోగ్రాము. యంత్రం లేవగానే అన్నిటికంటే ముందు లేచి, తెరకు నువ్విది చెయ్యి, బ్యాటరీకి నువ్వది చెయ్యి అని పనులు పురమాయించే పెద్ద అందులోని కెర్నల్. కీబోర్డు అనే చుట్టం ఒకటుందని ఆ పెద్దకు తెలియదు, కంపెనీవాళ్లు ఆ పరిచయం చేయకుండానే పంపారు. పరిచయం ఉన్న కొత్త కెర్నల్ తయారుచేసి పాతదాని స్థానంలో కూర్చోబెడితే పెడల్ పనిచేస్తుంది. చెప్పడానికి రెండు వాక్యాల పని.

ఎనిమిదింటికి కంపైల్ మొదలైంది. లాప్‌టాప్ తెర మీద వరుసలు పరుగెత్తాయి. పది నిమిషాలకు దాని ఫ్యాను రొద పెట్టింది. తల్లి కోటమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందిరా అది, అట్టా కాగిపోతా ఉంది?"

"కెర్నల్ తయారవుతుందమ్మా. చానాసేపు పడతది."

"మీ పెదనాన్న పుస్తకం యాడుంది?"

"ఆ బల్ల మీదుంది. ముట్టుకోబాకు."

"నేనెందుకు ముట్టుకుంటాలే. ఇంతకీ పని అయిందని ఎట్టా తెలుస్తది?"

"కొత్తది లేస్తే తెర మీద ముందు ఒక పక్షి బొమ్మ వస్తది. నల్లగా, పొట్ట తెల్లగా."

"కాకా?"

"పెంగ్విన్ అమ్మా."

కోటమ్మ లోపలికి వెళ్లింది. విసనకర్ర తెచ్చి, స్టూలు మీద కూర్చుని, లాప్‌టాప్‌కు విసరడం మొదలుపెట్టింది. బెంజిమిన్‌కు జ్వరం వచ్చినప్పుడు కూడా ఆమె అలాగే విసిరేది.

కంపైల్ నడుస్తుండగా బెంజిమిన్ రీడర్ పని చూశాడు. తెర మీద రేపటి ప్రసంగం మొదటి పేజీ తెరిచి పెట్టాడు. ఆ రకం తెరకు ఒక గుణం ఉంది. దాని మీద ఒకసారి పడ్డ బొమ్మ, కరెంటు పూర్తిగా పోయినా, కొత్త బొమ్మ వచ్చేదాకా అలాగే నిలిచి ఉంటుంది. తెర మారిందంటే కొత్త కెర్నల్ లేచిందన్నమాట, మారలేదంటే లేవలేదన్నమాట. గుర్తుగా ఉంటుందని ఆ పేజీని అలాగే ఉంచి, వెనక మూత తీసి, బ్యాటరీ తీగ పీకి, లోపలి కార్డు బయటికి తీశాడు. లాప్‌టాప్‌లో చోటు లేనందువల్ల కార్డులో ఉన్నదంతా తన ఫోను కార్డులోకి నకలు తీశాడు. ఆ నకలు కార్డును ఒక ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టి కిటికీ మీద భద్రం చేశాడు. తొమ్మిదిన్నరకు కరెంటు పోయింది. పదకొండుకు వచ్చింది. నోటుపుస్తకంలో అంకెలన్నీ కొట్టేసి మళ్లీ రాసుకున్నాడు.

పన్నెండున్నరకు కెర్నల్ తయారైంది. దాన్ని కార్డులో ఎక్కించే ఆజ్ఞ టైపు చేస్తున్నప్పుడు వాకిట్లోంచి యాస్మిన్ కేక వేసింది.

"తమ్ముడూ! నా పెడల్ ఇచ్చెయ్యి. కొత్తది కాలిపోయింది, సాయంత్రానికి పెళ్లికూతురు జాకెట్లు నాలుగు ఇవ్వాలి."

"అక్కా, రేపు మధ్యాహ్నం ఇస్తా. ఒక్క పూట."

"పెళ్లి రేపు పొద్దున. మధ్యాహ్నం జాకెట్ ఇస్తే ఆ పిల్ల ఏం తొడుక్కుంటది, నీ కంప్యూటరా?"

"పెదనాన్న కోసం అక్కా. రేపు పెద్దోళ్లు వస్తున్నారు."

యాస్మిన్ మెత్తబడింది. "యోబు మామ కోసమా? ముందే చెప్పొద్దా. మా అత్త తొక్కుడు మిషన్ ఉందిలే, దాని మీద తొక్కుకుంటా. నా కాళ్లు నొప్పెడితే నీకే చెప్తా," అని వెళ్లిపోయింది.

బెంజిమిన్ ఊపిరి పీల్చుకుని ఎంటర్ కొట్టాడు. కొట్టిన తర్వాత ఆజ్ఞను ఇంకోసారి చదివాడు. కార్డులో ఇన్ని గడులు వదిలి ఆ తర్వాత రాయి అని చెప్పే అంకె ఒకటి వేయాలి. పెడల్ మాటల్లో పడి అది వేయలేదు. కొత్త కెర్నల్ వెళ్లి కార్డులో మొట్టమొదటి గడి నుంచీ కూర్చుంది. ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పట్టీ, దానితో పాటు యోబుగారి ప్రసంగం, పాత ప్రార్థనలు అన్నీ ఆ కూర్చున్నదాని కింద పడ్డాయి. కార్డు రీడర్‌లో పెట్టి చూశాడు. తెర మారలేదు.

"పక్షి వచ్చిందా?" అంది కోటమ్మ.

"రాలా. ఫరవాలేదమ్మా, నకలుంది," అని కిటికీ దగ్గరికి వెళ్లి అగ్గిపెట్టె తెరిచాడు. అందులో కార్డు లేదు. నాలుగు అగ్గిపుల్లలున్నాయి.

"అమ్మా, దీంట్లో కార్డేది?"

"ఇందాక రత్నరాజు వచ్చాడ్లే, నువ్వు స్నానం చేస్తున్నప్పుడు. రేపు కమిటీవాళ్లు వస్తున్నారు, పాటల పెట్టెలో వేయడానికి కార్డు ఏమన్నా ఉందా అత్తా అన్నాడు. అగ్గిపెట్టెలో ఉంది తీసుకుపో అన్నా. ఖాళీ పెట్టె ఎందుకని పుల్లలు వేసి పెట్టా."

రత్నరాజు సంఘంలో డోలక్ వాయిస్తాడు, మైకుసెట్టు కూడా అతనిదే. బెంజిమిన్ ఫోను చేసేటప్పటికి అతను పిడుగురాళ్లలో ఎవరిదో గృహప్రవేశానికి మైకులు కడుతున్నాడు.

"అన్నా, ఆ కార్డు జాగ్రత్త, దాంట్లో..."

"చానా బాగా పనిచేస్తంది తమ్ముడూ. ముందు పెట్టగానే పెట్టె ఏందో అడిగింది. నాకర్థం గాక అవును అని నొక్కా. మొత్తం శుభ్రం చేసుకుంది. తొంభై పాటలు పట్టినయ్."

బెంజిమిన్ మంచం మీద కూర్చున్నాడు. కంపెనీ ఇచ్చే అసలు ప్రోగ్రాము నెట్‌లోంచి దించుకోవచ్చు, కాకపోతే ఫోను చూపిస్తున్న వేగానికి అది సోమవారం సాయంత్రం అవుతుందట. ప్రసంగం మాత్రం ఎక్కడా లేదు. యోబుగారు నోటితో చెబుతుంటే అతనే రీడర్‌లో టైపు చేసి పెట్టాడు. ఒకటే దారి మిగిలింది. పెదనాన్న కాళ్ల మీద పడి, జరిగింది చెప్పి, మళ్లీ చెప్పించుకుని కాగితాల మీద అరచేయంత అక్షరాలతో రాయాలి. రాత్రంతా రాస్తే అవుతుంది. లేచి చొక్కా వేసుకున్నాడు.

వాకిట్లోనే యోబుగారు ఎదురయ్యారు. పక్కన సంఘం సెక్రటరీ ఇశ్రాయేలు ఉన్నాడు. ఇశ్రాయేలు నెల రోజులుగా ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. ఉత్తరం వెళ్లినప్పటి నుంచి యోబుగారు ఎక్కడ తడబడతారా అని కనిపెట్టుకుని తిరుగుతున్నాడని ఊళ్లో అనుకుంటున్నారు. అతని ముందు నోరు విప్పితే సంగతి నరసరావుపేటకు యోబుగారి కంటే ముందు చేరుతుంది.

"అయిందా నాయనా?" అంటూ యోబుగారు లోపలికి వచ్చి, బల్ల మీది రీడర్ చేతిలోకి తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. తెర మీద మొదటి పేజీ నిక్షేపంగా ఉంది. "చూడు ఇశ్రాయేలూ, ఎట్టా కనపడతందో! అద్దంలాగా లేదూ?"

ఇశ్రాయేలు వంగి చూశాడు. "కనపడతంది. కాలితో తిరుగుతదా మరి?"

"తిరగదా ఏంది? వాడు ఇంజనీరు."

"పెదనాన్నా, ఒక్క నిమిషం లోపలికొస్తే..." అన్నాడు బెంజిమిన్.

"మాటలు తర్వాత. పొద్దుగూకకముందే మందిరంలోకి పోవాలి. అక్కడికి పోయాక రేపు బల్ల ముందు నిలబడేదాకా నాకు మౌనం," అని యోబుగారు రీడర్‌ను, పెడల్‌ను సంచిలో వేసుకున్నారు. ముఖ్యమైన ప్రసంగానికి ముందు రోజు ఉపవాసముండి, మందిరం తలుపు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ప్రార్థన చేసుకోవడం ఆయన ముప్పై ఏళ్ల అలవాటు. ప్రసంగం బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాక ఆదివారం దాకా ముట్టుకోరు.

"బావగారూ, పక్షి కనపడిందా దాంట్లో?" అంది కోటమ్మ.

"పావురమా తల్లీ?" అన్నారు యోబుగారు, పరిశుద్ధాత్మ గుర్తొచ్చి సంతోషంగా. "రేపు కనపడతదిలే," అని వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున ఆరింటికే బెంజిమిన్ మందిరం దగ్గరున్నాడు. తలుపు బయట ఇశ్రాయేలు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "అయ్యగారు మౌనంలో ఉన్నారబ్బాయ్," అన్నాడు. ఏడింటికీ అదే మాట, ఎనిమిదింటికీ అదే మాట. తొమ్మిదిన్నరకు కమిటీవాళ్ల కారు వచ్చింది. దైవసహాయంగారు, ఆయన వెనక ఇద్దరు పెద్దలు దిగి ముందు వరుసలో కూర్చున్నారు. దైవసహాయంగారి చొక్కా జేబులోంచి ఒక పొడుగు కవరు కనిపిస్తోంది. బెంజిమిన్ చివరి వరుసలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. 

పాటలయ్యాక యోబుగారు బల్ల ముందుకు వచ్చి, గుడ్డ తీసి, మైకు అందుకున్నారు. అక్షరాలు చాలా పెద్దవి కాబట్టి పేజీకి ఏడు వరుసలే పడతాయి. ఆయన నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడమరిచి చదివారు.

"మన మధ్య ఒకరు కూర్చుని ఉన్నారు. తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. అందరూ మంచివారనే అనుకుంటున్నారు. వారు చేసిన తప్పు నాకు తెలుసు. ఇన్నాళ్లూ దాచాను. ఈ రోజు దాచను. వారు ఎవరంటే..."

పేజీ అక్కడితో అయిపోయింది. యోబుగారు కాలితో పెడల్ నొక్కారు. టక్కుమంది. ఏమీ మారలేదు. మళ్లీ నొక్కారు.

ఆ మందిరంలో ఒక వాడుక ఉంది. బోధకుడు మాట ఆపితే ఊపిరి తీసుకుంటున్నాడని అర్థం, ఆ సందులో డోలక్ అందుకుని ఒక పల్లవి పాడాలి. పైగా రత్నరాజుకు టక్కు టక్కుమని తాళం కూడా వినిపించింది. అతను డోలక్ అందుకున్నాడు. ఆడవాళ్లు చప్పట్లతో గొంతు కలిపారు. పాట నాలుగు నిమిషాలు నడిచింది. అయిపోగానే యోబుగారు మైకు సర్దుకుని, "వారు ఎవరంటే..." అని, పెడల్ మూడుసార్లు నొక్కారు. రత్నరాజు ఈసారి పాట వేగం పెంచాడు.

మూడోసారి కూడా అలాగే కాబోతుంటే దైవసహాయంగారు చెయ్యి ఎత్తారు. "డోలక్ ఆపండి. ఆయన ఏదో చెప్పబోతున్నారు. చెప్పనివ్వండి."

రత్నరాజు డోలక్ మీంచి చేతులు తీశాడు. యోబుగారు తెర వైపు చూస్తున్నారు. రాసుకున్నదానికి ఒక్క మాట ఎక్కువ మాట్లాడనని మాటిచ్చిన మనిషి. రాసుకున్నది ఏడు వరుసల దగ్గర ఆగిపోయింది. "వారు ఎవరంటే..." అన్నారు మళ్లీ, మెల్లగా. కుడిచెయ్యి బల్ల అంచు మీద వణుకుతోంది. దైవసహాయంగారి చెయ్యి జేబు దగ్గరికి వెళ్లింది.

రెండో పేజీ మొదటి వరుస ఏమిటో ఆ మందిరంలో యోబుగారు కాక తెలిసినవాడు ఒక్కడే. టైపు చేసింది అతనే. ఆ వరుస "వేరెవరో కాదు, నేనే" అని. పొరుగువాడి కష్టం చూసి తలుపేసుకున్న రోజులు నాకూ ఉన్నాయని యోబుగారు తన తప్పే చెప్పుకునే ప్రసంగం అది. ఆ మాట అందిస్తే పెదనాన్న ఎలాగో అల్లుకుపోతాడని బెంజిమిన్‌కు తోచింది. గొంతులో ఉన్న బలమంతా పెట్టి వెనక నుంచి అరిచాడు.

"వేరెవరో కాదు, నేనే!"

మందిరమంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. తెల్లచొక్కా వేసుకుని, ముఖాన చెమటలు కారుతూ, స్తంభం పట్టుకుని బెంజిమిన్ నిలబడి ఉన్నాడు. కోటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏం చేశావురా?" అంది, అక్కడున్న అందరికీ వినబడేలా.

అతను జవాబు చెప్పేలోపే ఆడవాళ్ల వైపు నుంచి ధనమ్మ లేచింది. అరవై ఏళ్ల మనిషి, కళ్లనీళ్లు పెట్టుకుంది. "పాపం పసోడు, వాడికేం తెలుసు అయ్యగారూ? మీరంటున్నది నన్ను. మందిరం విందుల్లో వండే పెద్ద డేగిశా పోయిందని ఊరంతా వెతికించారు గదా? అది మా అటక మీదే ఉంది. మా మనవరాలి ఓణీల పండక్కి తీసుకుపోయా. తిరిగివ్వడానికి మొహం చెల్లక మూడేళ్లు దాచా."

మందిరం "స్తోత్రం" అంది.

యోబుగారు ఆమెను ఆశ్చర్యంగా చూశారు. ఆమెతో ఏమన్నా మాట్లాడితే అది రాసుకున్నదానికి ఎక్కువ మాట అవుతుంది. తల ఊపి, బల్ల వైపు తిరిగి, వదిలిపెట్టిన చోటి నుంచే అందుకున్నారు. "వారు ఎవరంటే..."

"అయితే ధనమ్మత్త గాదు!" అన్నాడు రత్నరాజు, డోలక్ పక్కన పెట్టి లేస్తూ. "నన్నే గదా అయ్యగారూ? మీరు ఊపిరి తీసుకోకముందే నేను పాట ఎత్తుకుంటున్నా. అర్ధగంట తగ్గితే రెండో బేరం మైకులకు అందుకోవచ్చని. మీ ప్రసంగాలు సగం తిన్నది నేనే."

"వారు ఎవరంటే..."

ఒక రైతు లేచి, పక్కచేను గట్టు తన వైపు నుంచి రెండు జానలు జరిపానని ఒప్పుకున్నాడు. పక్కచేనువాడు లేచి, తాను అవతలి వైపు నుంచి మూడు జానలు జరిపానన్నాడు. వదినామరదళ్లు ఇద్దరు ఒకేసారి లేచారు. ఒక్కొక్కరు కూర్చోగానే యోబుగారు నమ్మకంగా అదే వాక్యం చదువుతున్నారు, దానికి మరొకరు లేస్తున్నారు. బెంజిమిన్ ఇక ఆగలేక ముందుకు తోసుకుని వచ్చాడు. "అందరూ ఆగండి! మీరనుకునేది గాదు. తప్పు నాది. పేజీ తిరక్కుండా పోయింది నా వల్ల!"

ధనమ్మ అతని చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూర్చో నాయనా. నీ వంతు అయిపోయింది. మిగతావాళ్లను చెప్పనియ్యి."

పదిహేడో మనిషి కూర్చున్నాక, తలుపు దగ్గర నిలబడ్డ ఇశ్రాయేలు నడిచి వచ్చి బల్ల ముందు ఆగాడు. 

"ఇంక చదవొద్దయ్యగారూ. నేనే. కమిటీకి ఉత్తరం రాసింది నేనే. మా నాయన జ్ఞాపకార్థం నాడు మీరు ఆయన్ను నూరేళ్లు వర్ధిల్లు అన్నారు. చచ్చిపోయినోణ్ణి పట్టుకుని ఎగతాళి చేశారనుకున్నా. మనసు కాలిపోయి రాశా."

ఆడవాళ్ల ముందు వరుసలోంచి అతని తల్లి లేచింది. "ఒరేయ్, దానికి ఆమెన్ అన్నది నేను గదరా! మీ నాయన కోరిక అదే. నూరేళ్లు బతకాలని ఎనభై రెండో ఏట కూడా పళ్లు కట్టించుకున్నాడు. నన్నొక మాట అడగలేకపోయావా?"

ఎవరికి నవ్వొచ్చిందో, ఎవరికి ఏడుపొచ్చిందో తెలియలేదు. యోబుగారు మైకు బల్ల మీద పెట్టారు. దిగి వచ్చి, వణికే చేతిని ఇశ్రాయేలు భుజం మీద వేసి, అలాగే నిలబడ్డారు.  రత్నరాజు డోలక్ ముట్టుకోలేదు. ముందు వరుసలో కూర్చున్న కమిటీ పెద్దల్లో ఒకాయన జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకుని, ఇరవై ఏళ్లలో ఇలాంటి ప్రసంగం వినలేదని పక్కాయన చెవిలో చెప్పాడు. అప్పటికి యోబుగారు మొత్తం ఏడు వరుసలు చదివారు.

కూడిక ముగిసి జనం డేగిశా కోసం ధనమ్మ ఇంటివైపు కదిలాక, బెంజిమిన్ పెదనాన్న దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాడు. ఆజ్ఞలో వేయని అంకె, అగ్గిపెట్టె, తొంభై పాటలు, ఏదీ దాచలేదు. యోబుగారు ఉపవాసం విడిచి కాఫీ తాగుతున్నారు.

"రెండోసారి నొక్కినప్పుడే తెలిసిందిరా పని చేయట్లేదని," అన్నారు.

"మరి నోటితో చెప్పకపోయావా పెదనాన్నా? నీకు గుర్తుంది గదా!"

"గుర్తుంది. కానీ మాటిచ్చా గదా," అన్నారు యోబుగారు. కాఫీ ఒక గుక్క తాగి, "అయినా ఊళ్లో గట్టు జరిపినోడు లేచాక, ఇంక నేను నేనే అంటే ఎవడు వింటాడురా?" అన్నారు.

బెంజిమిన్ బల్ల దగ్గరికి వెళ్లాడు. రీడర్ సంచిలో పెట్టుకుని బయటికి వస్తుంటే, కారు దగ్గర నిలబడ్డ దైవసహాయంగారు చేత్తో సైగ చేశారు. డ్రైవరును దూరంగా పంపి, అతన్ని కారు వెనక్కి తీసుకెళ్లారు. పొద్దున ఉన్నంత తెల్లగా లేదు ఆయన చొక్కా, వీపంతా తడిసి ఉంది.

"అబ్బాయ్, ఆ ప్రసంగం టైపు చేసింది నువ్వేనటగా?"

"అవునండీ."

"అయితే తర్వాతి పేజీలో ఏముందో నీకు తెలుసు."

"తెలుసండీ. దాంట్లో ఎవరి పేరూ లేదండీ, అది పెదనాన్న తన గురించే..."

"నువ్వు చదువుకున్నవాడివి, మర్యాద తెలిసినవాడివి. చెప్పవని నాకు తెలుసు," అని దైవసహాయంగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నరసరావుపేటలో కమ్యూనిటీ హాలు శంకుస్థాపన చందాల గురించి ఏమన్నా ఉందా?"

"ఏ శంకుస్థాపన అండీ?" అన్నాడు బెంజిమిన్ అయోమయంగా.

దైవసహాయంగారు అతని ముఖంలోకి చాలాసేపు చూశారు. జేబులోని కవరు తీసి, నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ జేబులోనే వేసుకుని కారెక్కారు.

గురువారం నాడు నరసరావుపేట నుంచి కమిటీ ముద్రతో కొత్త కాగితం వచ్చింది. యోబుగారి సేవను మరో మూడేళ్లు పొడిగించడమైనదని, రెండో పేజీ మాత్రం చదవవలసిన అవసరం లేదని అందులో ఉంది.